నీళ్ళు కుదిరాక

నాలుగడుగుల గాజుపెట్టెలో
నలభై రోజులుగా ఒక్క చేపా లేదు.
వేళ్ళు పట్టుకుంటున్న క్రిప్టోకొరైన్,
కొయ్యకు దారంతో కట్టిన అనూబియాస్,
ఎవరి కోసమో తిరుగుతున్న ఫిల్టరు.
"నీళ్ళలో ఆకుకూర పెంచతన్నావా?" అంది ఎదురింటి మస్తానమ్మ.
అవునన్నాను.

పగలంతా నా పని నీళ్ళు చూడటమే.
మైపాడు నుంచి, గంగపట్నం నుంచి
రొయ్యల గుంటలు సీసాల్లో వస్తాయి.
చుక్క వేస్తే రంగు తిరుగుతుంది.
ఆ రంగు చూసి, ఎదురుగా నిలబడ్డ మనిషి
నా మొహం చూస్తాడు.

ఇంట్లో నాకు ఉప్పులేని నీళ్ళు కావాలి.
మా బోరు నీళ్ళకు కందిపప్పే ఉడకదు,
డిస్కస్ బతుకుతుందా?
కార్తీకంలో తుఫాను వాన డ్రమ్ములకు పట్టాను,
చాలనిదానికి ఆర్వో క్యాన్లు.
వేడికి మాత్రం దిగుల్లేదు.
చలి నాలుగు వారాలు పోతే
ముప్పై డిగ్రీలు నెల్లూరు ఊరికే ఇస్తుంది.

శనివారం తెల్లారి మద్రాసు బస్సులో
ఊపిరి నింపిన సంచులు దిగాయి.
"గంట ఆగు మేడం," అన్నాడు ఖాదర్ బాషా,
"బస్సు దిగితే మనిషి మొహమైనా వాడుంటది గదా."
ఆగాను.
ముందు కన్ను చూశాను.
ఒంటికి మించి కన్ను పెద్దదైతే
ఎదగాల్సినప్పుడు పస్తున్న చేప అది,
ఇక ఎంత మేపినా పళ్ళెమంత కాదు.
నుదురు పల్చబడిందా,
చిటికెడు మేతకు ఎవరు ముందు వస్తారు?
ఆరింటిని తీశాను.
రెండే అయితే ఒకటి రెండోదాన్ని తరిమి తరిమి చంపుతుంది,
ఆరైతే పోట్లు పంచుకుంటాయి.
ఏడోది మూలన, నల్లబడి, ఒక పక్కకు వాలి ఉంది.
దాని కన్నూ పెద్దదే.
తీయలేదు.

ఇక తోడెవరు?
టైగర్ బార్బులు వద్దు,
నిదానస్తుల రెక్కలు కొరకడమే వాటి కాలక్షేపం.
ఏంజెల్ అందగత్తే,
కానీ మేత దగ్గర, పెళ్ళి పంక్తిలో
మోచేతులతో తోసుకొచ్చే బాపతు.
అద్దాలు నాకే ప్లెకో పగలు బుద్ధిమంతుడు,
రాత్రైతే డిస్కస్ ఒంటి జిగురు నాకుతాడు.
చివరికి కార్డినల్ టెట్రాలు ఇరవై,
అడుగున ఇసుక వెతుక్కునే కోరీలు ఆరు.
నోట్లో పట్టేంత చిన్నవి కావు,
అడ్డం తిరిగేంత పెద్దవీ కావు.

"చందువాలకు రంగేశారా?" అంది మా అత్త.
పులుసుకు ఎన్ని కావాలో లెక్కేసినట్టే ఉంది.

రెండు వారాలకు పెంచలయ్య వచ్చాడు.
ఆ పొద్దున అతను తెచ్చిన రొయ్యలు చూసి
చెప్పింది నేనే:
తెల్లమచ్చ. ఈ రాత్రికే పట్టేయండి.
డెబ్భై రోజుల రొయ్య, నూటపది కౌంటు.
రిపోర్టు ల్యాబులో మరిచిపోయాడని నేనే ఇంటికి తెచ్చాను.
మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ లేవలేదు.
డిస్కస్‌లు ఆరూ అతని ఎదుటికొచ్చి
నిలబెట్టిన పళ్ళేల్లా ఆగాయి.

"వీటికి రాదా, తెల్లమచ్చ?"
"వస్తది. అది వేరే.
కాస్త వేడి పెంచితే రాలిపోతది."
"వేడి పెంచితే," అన్నాడు.
కాసేపయ్యాక మళ్ళీ అన్నాడు, "వేడి పెంచితే."
నవ్వాడో ఏమో, మీసం కదిలింది.

టీ వద్దన్నాడు.
పోతూ పోతూ ఫిల్టరు ధార కింద వేలు పెట్టి
నాలుకకు రాసుకున్నాడు, గుంట మనిషి అలవాటు.
"ఉప్పే లేదే," అన్నాడు.

మరుసటి శనివారం మేతకని కొట్టుకెళ్ళాను.
ఆ మూల ఖాళీగా ఉంది.
ఖాదర్ బాషా ఏదో చెప్పబోయాడు.
డబ్బా ఎంతైందని అడిగాను.